లైబ్రరీ సైన్స్‌లోకి రావాలంటే: ఏ కోర్సు, ఏ ఉద్యోగం, ఎవరికి ఏది నప్పుతుంది?

"బీఎల్‌ఐఎస్సీ ఒక్క ఏడాదే కదా, చేసి పెట్టుకుంటే పడి ఉంటుంది." డిగ్రీ అయిపోయి బీఈడీనా, గ్రూప్స్ కోచింగా అని తేలక ఊగిసలాడుతున్న ఇళ్లల్లో ఈ మాట తరచూ వినపడుతుంది. బీఎల్‌ఐఎస్సీ అంటే డిగ్రీ తర్వాత చేసే లైబ్రరీ సైన్స్ బ్యాచిలర్ కోర్సు. అది ఏడాదిలో అయిపోతుందన్నది నిజమే, ఫీజు కూడా మిగతా ప్రొఫెషనల్ కోర్సుల కంటే తక్కువే. చిక్కేమిటంటే, అలా చేసి పెట్టుకున్న బీఎల్‌ఐఎస్సీ చాలామంది దగ్గర నిజంగానే ఫైల్లో పడి ఉంటోంది. ఏ ఉద్యోగం కోసం చదువుతున్నారో తేల్చుకోకుండా చేరినవాళ్లే వీళ్లలో ఎక్కువ.

బయటివాళ్లు లైబ్రేరియన్ అని ఒకే పేరుతో పిలిచే పనిలో కనీసం అయిదు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. స్కూల్ లైబ్రరీ, కాలేజీ లేదా యూనివర్సిటీ లైబ్రరీ, పౌర గ్రంథాలయం, పరిశోధన సంస్థల లైబ్రరీ, కంపెనీల్లో సమాచార నిర్వహణ. వీటికి అడిగే అర్హతలు ఒకటి కావు, రాయాల్సిన పరీక్షలు ఒకటి కావు, రోజు గడిచే తీరూ ఒకటి కాదు. అందుకే ముందు ఉద్యోగాల సంగతి చెప్పి, తర్వాత కోర్సుల దగ్గరికి వస్తాను. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

స్కూల్ లైబ్రరీ: బీఎల్‌ఐఎస్సీతోనే దక్కే మంచి ఉద్యోగం

కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ పోస్టుకు లైబ్రరీ సైన్స్‌లో బ్యాచిలర్ డిగ్రీ ఉంటే సరిపోతుంది. మామూలు డిగ్రీ మీద ఏడాది డిప్లొమా చేసినా చెల్లుతుంది. హిందీ, ఇంగ్లిష్ పని నడిపేంత రావాలి. వయసు 35 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. జీతం ఏడో వేతన సంఘం లెక్కలో లెవల్ 7, అంటే మూల వేతనమే 44,900 రూపాయలతో మొదలవుతుంది. అలవెన్సులు దాని మీద. నవోదయ విద్యాలయాల్లోనూ ఇదే లెవల్. బీఏ, బీకాం చేసినవాళ్లకు ఇంకొక్క ఏడాది చదువుతో ఈ జీతానికి అర్హత వచ్చే దారులు ఎన్ని ఉన్నాయో వెతికి చూడండి, పెద్దగా దొరకవు.

అందుకే పోటీ దేశమంతటి నుంచీ ఉంటుంది. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒకటి వచ్చాక ఇంకొకటి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. వచ్చాక కూడా మొదటి పోస్టింగ్ అస్సాంలోనో రాజస్థాన్‌లోనో పడితే వెళ్లగలరా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. నవోదయ అయితే పూర్తిగా రెసిడెన్షియల్, క్యాంపస్‌లోనే ఉండాలి. సాయంత్రం అయిదింటికి తాళం వేసి ఇంటికి వెళ్లిపోయే ఉద్యోగం కాదది.

సొంత రాష్ట్రం దాటలేని వాళ్లకు గురుకులాలు మెరుగు. తెలంగాణ గురుకుల నియామక బోర్డు 2023లో ఒకేసారి 400కు పైగా స్కూల్ లైబ్రేరియన్ పోస్టులు ప్రకటించింది. అప్పటికి బీఎల్‌ఐఎస్సీ చేతిలో ఉన్నవాళ్లకు అది అదృష్టం. నోటిఫికేషన్ చూసి అప్పుడు కోర్సులో చేరినవాళ్లకు అది అందలేదు. ఈ రంగంలో నియామకాలు ఇలాగే ఉంటాయి. ఏళ్ల తరబడి చప్పుడుండదు, తర్వాత ఒక్కసారిగా వందల పోస్టులు పడతాయి.

ప్రైవేటు స్కూళ్ల సంగతి వేరు. పేరున్న ఇంటర్నేషనల్ స్కూళ్లలో లైబ్రేరియన్‌కి టీచర్‌తో సమానంగా గౌరవం, ఫర్వాలేదనిపించే జీతం ఉంటాయి. చిన్న ప్రైవేటు స్కూళ్లలో మాత్రం టీచర్ ఎవరు సెలవు పెడితే ఆ క్లాసుకి లైబ్రేరియన్‌ని పంపిస్తారు. లైబ్రరీ పీరియడ్ అంటే పిల్లల్ని నలభై నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం అనుకునే యాజమాన్యాలూ ఉన్నాయి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు లైబ్రరీ గది చూపించమని అడగండి. పుస్తకాలు బీరువాల్లో తాళం వేసి ఉన్నాయంటే మీ ఉద్యోగం ఎలా ఉండబోతోందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

పుస్తకాలంటే ఇష్టం కాబట్టి స్కూల్ లైబ్రరీకి వెళ్తానంటారు కొందరు. అక్కడ పుస్తకాల మీద ప్రేమ కంటే పిల్లల మీద ఓపిక ఎక్కువ కావాలి. ఆరో తరగతి వాడు ఒకే బొమ్మల పుస్తకాన్ని పదోసారి అడిగినా విసుక్కోకుండా ఇవ్వగలిగితేనే ఈ దారి.

కాలేజీ, యూనివర్సిటీ: జీతం ఎక్కువ, మెట్లూ ఎక్కువే

డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్, యూనివర్సిటీ అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టులకు 2018 యూజీసీ నిబంధనల ప్రకారం లైబ్రరీ సైన్స్ మాస్టర్స్ అయిన ఎంఎల్‌ఐఎస్సీలో కనీసం 55 శాతం మార్కులు, దాంతో పాటు జాతీయ అర్హత పరీక్ష నెట్ గానీ రాష్ట్ర అర్హత పరీక్ష సెట్ గానీ ఉండాలి. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసినవాళ్లకు నెట్ నుంచి మినహాయింపు ఉంది. వేతనం లెవల్ 10, మొదలు 57,700. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కీ మొదలు ఇదే. లైబ్రేరియన్ అంటే పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే మనిషే కదా అనే బంధువులకు ఈ ఒక్క అంకె చెబితే చాలు, మళ్లీ మాట్లాడరు.

ఆ 55 శాతం దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. దూరవిద్యలో "పాసైతే చాలు" అనుకుని 52 శాతంతో బయటపడ్డవాళ్లకి జనరల్ కేటగిరీలో నెట్ రాసే అర్హతే ఉండదు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు అయిదు శాతం సడలింపు ఉంది, వాళ్లకు 50 చాలు. ఎంఎల్‌ఐఎస్సీలో చేరిన రోజే ఈ గీత ఎక్కడుందో తెలుసుకుని చదవాలి.

నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి కూడా లేదు కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ రాసేవాళ్లు చాలామంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ అయిదు సూత్రాలు 1931, పుస్తకాలను విషయాలవారీగా విభజించే ఆయన కోలన్ వర్గీకరణ 1933 అని బట్టీ పడితే పాతకాలంలో గట్టెక్కేవాళ్లేమో. ఇప్పుడు జతపరచడాలు, కాలక్రమంలో పేర్చడాలు, వాదన–కారణం రకం ప్రశ్నలు ఎక్కువ. ఇన్ఫర్మేషన్ రిట్రీవల్ (సమాచారం వెతికి తీయడం), బిబ్లియోమెట్రిక్స్ (ప్రచురణలను అంకెల్లో కొలవడం), పరిశోధన పద్ధతులు అర్థం చేసుకుని చదవకపోతే మార్కులు రావు. రాష్ట్రస్థాయి సెట్‌ని తెలంగాణలో ఉస్మానియా, ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర యూనివర్సిటీ నిర్వహిస్తాయి. సెట్ ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. రెండిటికీ సిలబస్ దాదాపు ఒకటే, రెండూ రాయడంలో నష్టమేమీ లేదు.

నెట్ వచ్చేస్తే ఉద్యోగం వచ్చేసినట్టే అనుకోకండి. అది లైన్లో నిలబడడానికి టోకెన్ మాత్రమే. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022 చివర్లో ఇంటర్మీడియట్, సాంకేతిక విద్యా శాఖలకు కలిపి లైబ్రేరియన్ పోస్టులు ప్రకటిస్తే, రాష్ట్రం మొత్తానికీ అవి 71. అందుకే నెట్ ఉన్నవాళ్లు కూడా చాలామంది ప్రైవేటు ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లోనే చేస్తుంటారు. అక్కడ జీతం యూజీసీ స్కేలుకు చాలా దూరం. కాలేజీ నాణ్యతను తనిఖీ చేసే నాక్ బృందం వస్తుందంటే రెండు నెలలు రాత్రీ పగలూ లైబ్రరీలోనే, బృందం వెళ్లాక మళ్లీ ఇన్విజిలేషన్ డ్యూటీలు. అయినా ఇది వృథా అనను. మొదటి రెండు మూడేళ్లు ఇలాంటి చోట పనిచేస్తే కొత్త పుస్తకాలు నమోదు చేసే అక్సెషన్ రిజిస్టర్ నుంచి ఉన్న పుస్తకాలు లెక్కచూసే స్టాక్ వెరిఫికేషన్ దాకా అన్నీ చేతి మీదుగా వెళ్తాయి. పెద్ద లైబ్రరీలో చేరితే ఏళ్ల తరబడి ఒకే సెక్షన్లో ఉండిపోవచ్చు.

పెద్దగా ఎవరి దృష్టీ పడని మెట్లు కొన్ని ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీల్లో అసిస్టెంట్ లైబ్రేరియన్ కింద వరసగా ప్రొఫెషనల్ అసిస్టెంట్, సెమీ ప్రొఫెషనల్ అసిస్టెంట్, లైబ్రరీ అసిస్టెంట్, లైబ్రరీ అటెండెంట్ పోస్టులుంటాయి. మూల వేతనాలు ఇదే వరసలో 35,400, 29,200, 25,500, 18,000. వీటికి నెట్ అక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇంగ్లిష్, విదేశీ భాషల వర్సిటీ ఇఫ్లూ, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ, అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీ, విజయనగరం, ములుగు గిరిజన వర్సిటీలు అన్నీ మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. వాటి నాన్ టీచింగ్ నోటిఫికేషన్లు కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనపడవు. వెబ్‌సైట్లు మీరే చూస్తూ ఉండాలి.

ఇక పని. పరిశోధన జరిగే క్యాంపస్‌లో లైబ్రేరియన్ దగ్గరికి జనం పుస్తకం కోసం కంటే ఇతర పనుల మీదే ఎక్కువగా వస్తారు. పీహెచ్‌డీ థీసిస్‌కి, ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందో చెప్పే సారూప్యత రిపోర్టు కావాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాటితే సమస్య మొదలవుతుంది కాబట్టి టెన్షన్‌తో వస్తారు. ఆమోదం పొందిన థీసిస్‌ని దేశంలోని థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో పెట్టాలి. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అమల్లోకి వచ్చాక 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. కానీ తమ కాలేజీకి అవి వస్తున్నాయని తెలియని అధ్యాపకులే ఎక్కువ. వాళ్లకి చూపించి, నేర్పించి, వాడించాల్సింది లైబ్రేరియనే. బోధించడం ఇష్టం ఉన్నవాళ్లకి ఈ ఉద్యోగం బాగా నచ్చుతుంది.

పౌర గ్రంథాలయాలు

ఈ విభాగం గురించి రాయడం కష్టంగానే ఉంది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య వంటివాళ్లు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టినప్పుడు దేశంలో ఇలాంటి ఉద్యమం కొత్త. వేటపాలెం సారస్వత నికేతనం, సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, ఇలాంటివి జనం చందాలతో, దాతల చేతులతో నిలబడ్డవి. 1960లో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతోంది. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, ఆ గడి ఉంటుంది.

వసూలైన పన్ను స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకి పూర్తిగా, సమయానికి చేరడం ఎప్పుడూ సమస్యే. రెగ్యులర్ నియామకాలు అరుదు, చాలా శాఖలు ఔట్‌సోర్సింగ్ సిబ్బందితోనే నడుస్తున్నాయి. మరోవైపు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళితే కుర్చీ దొరకదు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు తెల్లారకముందే వచ్చి చోటు పట్టుకుంటారు. అవసరం లేక కాదు ఇక్కడ పోస్టులు లేనిది.

కాబట్టి నా మాట: పౌర గ్రంథాలయ ఉద్యోగం ఒక్కదాన్నే గురిగా పెట్టుకుని కోర్సులో చేరవద్దు. వస్తే తీసుకోండి, ఊళ్లో ఉండి ఊరివాళ్లతో పనిచేసే ఉద్యోగం ఇంతకు మించింది లేదు. దాని కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే మాత్రం వయసు దాటిపోతుంది.

పరిశోధన సంస్థలు

హైదరాబాద్‌లో ఉండే సౌలభ్యం ఇక్కడ బాగా పనికొస్తుంది. పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జాతీయ పోషకాహార సంస్థ, జీవశాస్త్ర పరిశోధనల సీసీఎంబీ, భూభౌతిక పరిశోధనల ఎన్‌జీఆర్‌ఐ, రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ, వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్. ఒక నగరంలో ఇన్ని రకాల పరిశోధన సంస్థల లైబ్రరీలు ఉండడం మామూలు విషయం కాదు. శాశ్వత పోస్టులు బహు తక్కువ. ఇలాంటి సంస్థలూ, ఐఐటీలూ, ఐఐఎంలూ అప్పుడప్పుడూ లైబ్రరీ ట్రైనీలను ఏడాది పాటు స్టైపెండ్ మీద తీసుకుంటాయి. ఎంఎల్‌ఐఎస్సీ అయిన వెంటనే ఊళ్లో ప్రైవేటు కాలేజీ ఉద్యోగం, దూరంగా ఇలాంటి ట్రైనీ అవకాశం రెండూ వస్తే, డబ్బు కొంచెం తక్కువైనా ట్రైనీకే వెళ్లమంటాను. డేటాబేస్‌లు, పరిశోధన పత్రాలు దాచే డిజిటల్ రిపాజిటరీలు, శాస్త్రవేత్తల ప్రశ్నలు, ఇవన్నీ అక్కడ ఏడాదిలో చూస్తారు. తర్వాత ఏ ఇంటర్వ్యూలోనైనా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

కంపెనీలు: లైబ్రేరియన్ అనే పేరు లేని లైబ్రరీ పని

ఇక్కడ ఉద్యోగ ప్రకటనలో 'లైబ్రేరియన్' అనే మాట కోసం వెతికితే ఏమీ దొరకదు. మెటాడేటా స్పెషలిస్ట్ (సమాచారానికి గుర్తింపు వివరాలు రాసేవారు), టాక్సానమిస్ట్ (వర్గాలుగా విడగొట్టేవారు), నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అసోసియేట్, కేటలాగ్ అనలిస్ట్, డిజిటల్ అసెట్ మేనేజర్, పేటెంట్ సెర్చ్ అనలిస్ట్ అని ఉంటుంది. పబ్లిషింగ్ సర్వీసు సంస్థలు, కన్సల్టింగ్ కంపెనీలు, ఈ-కామర్స్, ఫార్మా, లా ఫర్మ్‌లు ఇలాంటివాళ్లని తీసుకుంటాయి.

అసలు ఇందులో లైబ్రరీ సైన్స్ ఎక్కడుంది అనేవాళ్లకి మన తెలుగు పుస్తకాల ఉదాహరణే చాలు. తెలుగువాడైన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో మొదలైన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. స్కానింగ్ గొప్పగా జరిగింది. పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, తలో రకం స్పెల్లింగ్‌తో, కొన్ని చోట్ల రచయిత పేరే తప్పుగా ఎక్కాయి. ఫలితంగా పుస్తకం అక్కడే ఉన్నా వెతికితే దొరికేది కాదు. పేరు ఎలా రాయాలి, ఒకే రచయితకున్న నాలుగు పేర్లను ఎలా కలపాలి, విషయాన్ని ఏ పదంతో గుర్తించాలి అన్నది పుస్తకాల వివరాలు నమోదు చేయడం నేర్పే కేటలాగింగ్ క్లాసులో విసుగ్గా విన్న పాఠమే. కంపెనీలు జీతమిచ్చి చేయించుకునేది ఆ పాఠాన్నే. అక్కడ పుస్తకాల బదులు వస్తువులు, ఒప్పందాలు, రిపోర్టులు, వీడియోలు ఉంటాయి, అంతే తేడా.

అయితే కంపెనీ వాళ్లు ఎంఎల్‌ఐఎస్సీ అనే మూడు నాలుగు అక్షరాలు చూసి ఉద్యోగం ఇవ్వరు. ఎక్సెల్ బాగా రావాలి, ఎస్‌క్యూఎల్ కొద్దిగా, వీలైతే పైథాన్ కొద్దిగా. ఇంగ్లిష్‌లో శుభ్రంగా ఈమెయిల్ రాయగలగాలి. ఫార్మాలో సాహిత్య శోధన పనులకు బీఫార్మసీ వాళ్లు పోటీకొస్తారు, చాలాసార్లు వాళ్లే గెలుస్తారు. డిగ్రీలో సైన్స్ చదివి తర్వాత లైబ్రరీ సైన్స్‌కి వచ్చినవాళ్లకి అక్కడ కొంచెం పట్టు ఉంటుంది. జీతం మొదట్లో కేంద్రీయ విద్యాలయం కంటే తక్కువ ఉండొచ్చు, అయిదారేళ్లకి దాటిపోనూ వచ్చు. భద్రత మాత్రం ప్రభుత్వ ఉద్యోగంలా ఉండదు. ప్రాజెక్టు అయిపోతే పని లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టే సంస్థలూ ఉన్నాయి.

ఇప్పుడు కోర్సులు

సర్టిఫికెట్ కోర్సు ఇంటర్ అయినవాళ్లకి. ఇగ్నోలో ఆర్నెల్ల కోర్సు ఉంది. గతంలో పౌర గ్రంథాలయాల్లో చిన్న గ్రేడు పోస్టులకు ఇది బాగా పనికొచ్చేది. ఇప్పుడు లైబ్రరీ అటెండెంట్ లాంటి పోస్టులకు తప్ప పెద్దగా అక్కరకు రాదు. డిగ్రీ పూర్తయినవాళ్లు దీని మీద టైం పెట్టక్కర్లేదు.

బీఎల్‌ఐఎస్సీ రెగ్యులరా, దూరవిద్యా? దీని మీదే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. చట్టపరంగా చూస్తే యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌తో సమానమే, 2022లో యూజీసీ ఈ విషయం మళ్లీ స్పష్టం చేసింది. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో రెండిట్లోనూ బీఎల్‌ఐఎస్సీ, ఎంఎల్‌ఐఎస్సీ ఒక్కో ఏడాది కోర్సులు. రెగ్యులర్ కావాలంటే ఆంధ్ర యూనివర్సిటీలో 1935 నుంచే ఈ చదువు ఉంది, దేశంలోనే తొలితరం వాటిలో అదొకటి. ఉస్మానియా తదితర తెలంగాణ వర్సిటీల్లో ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి చేరాలి.

పాఠం వరకైతే తేడా కొంచెమే. ఇగ్నో మెటీరియల్ ఎంత బాగుంటుందంటే, రెగ్యులర్ విద్యార్థులు కూడా నెట్‌కి దాన్నే చదువుతారు. తేడా ప్రాక్టికల్స్‌లో వస్తుంది. ఒక పుస్తకం చేతికిచ్చి దీనికి విషయాన్ని బట్టి అరలో చోటు చెప్పే డ్యూయీ నంబర్ వేయమంటే తెలుగు సాహిత్యం 894.827 అని చూపించి ఆపడం తేలిక. తెలంగాణలో చెరువుల చరిత్ర మీద ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకాన్ని నీటిపారుదల కింద పెట్టాలా, చరిత్ర కింద పెట్టాలా అన్నది నలుగురు కూర్చుని వాదించుకుంటేనే వంటపడుతుంది. ఆ వాదన రెగ్యులర్ క్లాసులో దొరుకుతుంది, ఇంట్లో ఒంటరిగా చదివితే దొరకదు.

అందుకని 25 లోపు ఉండి, ఇంట్లో రెండేళ్లు ఆగగలిగే పరిస్థితి ఉంటే రెగ్యులర్‌కే వెళ్లండి. ఇప్పటికే ఏదో ఉద్యోగంలో ఉన్నవాళ్లు, చిన్నపిల్లల తల్లులు, వర్సిటీ ఉన్న ఊరికి వెళ్లలేనివాళ్లు దూరవిద్యలో మొహమాటం లేకుండా చేరొచ్చు. ఆ లోటు తీర్చుకోవడానికి దగ్గర్లో ఏదైనా కాలేజీ లైబ్రరీలో జీతం అడక్కుండా రెండు నెలలు పనిచేస్తామని అడగండి. చాలామంది లైబ్రేరియన్లు కాదనరు, మనిషి సాయం వాళ్లకి ఎప్పుడూ కొరతే.

బీఎల్‌ఐఎస్సీతో ఆగిపోవాలా, ఎంఎల్‌ఐఎస్సీ చేయాలా? కేంద్రీయ విద్యాలయాల (కేవీఎస్), నవోదయ, గురుకులాల స్కూల్ పోస్టులే మీ గురి అయితే బీఎల్‌ఐఎస్సీ చాలు, మిగిలిన టైం ఆ పరీక్షలకు పెట్టడం మేలు. కాలేజీ, యూనివర్సిటీ అనుకుంటే ఎంఎల్‌ఐఎస్సీ తప్పదు. ఇంకోవైపు, కొన్ని వర్సిటీల్లో డిగ్రీ మీద నేరుగా రెండేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఎల్‌ఐఎస్సీ ఉంటుంది. చదువు బాగానే ఉంటుంది గానీ, స్కూల్ పోస్టుల నోటిఫికేషన్‌లో అర్హత 'బీఎల్‌ఐఎస్సీ' అని మాత్రమే రాసి ఉంటే, విడిగా ఆ సర్టిఫికెట్ లేనివాళ్లు పరిశీలన రోజున వివరణ ఇచ్చుకోవాల్సి రావచ్చు. స్కూల్ దారి కూడా తెరిచి ఉంచుకోవాలనుకునేవాళ్లకి రెండు విడి డిగ్రీలే నయం. లేదంటే మొదటి ఏడాది తర్వాత బీఎల్‌ఐఎస్సీ పట్టా ఇస్తారో లేదో చేరేముందే అడిగి తెలుసుకోవాలి.

కంపెనీల వైపు, లేదా పెద్ద పరిశోధన సంస్థల వైపు చూస్తున్నవాళ్లు బెంగళూరులోని డీఆర్‌టీసీ (డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రం) గురించి ఒకసారి ఆలోచించాలి. రంగనాథన్ 1962లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కింద మొదలుపెట్టిన కేంద్రం అది. రెండేళ్ల ఎంఎస్ కోర్సు, స్టైపెండ్ ఇస్తారు. ప్రవేశ పరీక్ష రాయాలి. మన వర్సిటీల సిలబస్‌తో పోలిస్తే అక్కడ గణితం, ప్రోగ్రామింగ్, డేటా నిర్మాణం ఎక్కువ. లెక్కలంటే భయం లేనివాళ్లకి, ఇల్లు వదిలి వెళ్లగలిగినవాళ్లకి ఈ రంగంలో అంతకంటే మంచి ఆరంభం నాకు కనపడదు. మన దగ్గర నుంచి అక్కడికి అప్లై చేసేవాళ్లు ఎందుకింత తక్కువో అర్థం కాదు.

పాత తాళపత్రాలు, దస్తావేజులు, ఆర్కైవ్స్ ఇష్టమైనవాళ్లకి ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ నడిపే స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా ఉంది. ఉద్యోగాలు కొద్ది, ఆ పని చేయగలవాళ్లూ కొద్దే.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క ముక్క. అక్కడి లైబ్రరీలు చాలావరకు అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్‌నే అడుగుతాయి. మన ఎంఎల్‌ఐఎస్సీకి ఆ గుర్తింపు ఉండదు. అక్కడే మళ్లీ చదవాల్సి వస్తుందని లెక్కలో వేసుకోండి.

సాఫ్ట్‌వేర్ విషయంలో వాయిదా వద్దు

ఏ దారిలో వెళ్లినా లైబ్రరీ పనులు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ రాకుండా ఇంటర్వ్యూకి వెళ్లకండి. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు లైబ్రరీ కోసం తయారై 2000లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పుడు మన కాలేజీల్లో ఎక్కడ చూసినా ఉంది. ఉబుంటు వేసుకుని సొంత ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఇంట్లో ఉన్న పుస్తకాలనే ఎక్కించి, పుస్తకం వివరాలు కంప్యూటర్‌లో రాసే ప్రామాణిక పద్ధతి మార్క్ 21లో రికార్డు ఎలా ఉంటుందో చూసుకోవచ్చు. రిపాజిటరీ పనికి డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్, ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ కూడా కొన్ని చోట్ల వాడతారు, అవి చూసి ఉంటే చాలు. సర్టిఫికెట్ ఇస్తామని వేలు గుంజే కోచింగ్‌ల కంటే, నేనే ఇన్‌స్టాల్ చేశాను అని చూపించగల ఒక పనిచేసే కోహా ఇంటర్వ్యూ బోర్డుని ఎక్కువ మెప్పిస్తుంది.

ఎవరికి ఏది

ఆర్ట్స్ డిగ్రీ, ఇంట్లో త్వరగా సంపాదన కావాలి, రాష్ట్రం దాటడానికి అభ్యంతరం లేదు: బీఎల్‌ఐఎస్సీ చేసి, కేవీఎస్, నవోదయ, గురుకుల పరీక్షల మీద పడండి, హిందీ ఇప్పటి నుంచే పెంచుకోండి. చదువు మీద ఆసక్తి, నాలుగైదేళ్ల ఓపిక ఉన్నాయి: రెగ్యులర్ ఎంఎల్‌ఐఎస్సీ, 55 శాతం దాటి వీలైనన్ని మార్కులు, నెట్, మధ్యలో ఒక ఏడాది ట్రైనీ. సైన్స్ లేదా కంప్యూటర్స్ నేపథ్యం, ఇంగ్లిష్ ఫర్వాలేదు: డీఆర్‌టీసీ లేదా ఎంఎల్‌ఐఎస్సీ చేసి మెటాడేటా, టాక్సానమీ ఉద్యోగాల వైపు. ఇప్పటికే టీచర్‌గానో క్లర్కుగానో ఉద్యోగం ఉంది: ఉద్యోగం మానకండి, దూరవిద్యలో చేసి సెట్ రాస్తూ ఉండండి. నలభై దాటాక మొదలుపెడుతున్నారా? కేంద్ర నోటిఫికేషన్ల వయోపరిమితి దాటిపోయి ఉంటుంది. అయినా నెట్‌కి వయసు అడ్డు కాదు, ప్రైవేటు కాలేజీలు అనుభవమున్న మనిషిని ఇష్టపడతాయి. ప్రభుత్వ స్కేలు వస్తుందన్న ఆశతో మాత్రం చేరవద్దు.

ఇవేవీ సరిపడక, గ్రూప్స్‌కి చదువుతూ పక్కన ఒక డిగ్రీ ఉంటే మంచిదని అనుకుంటున్నవాళ్లు దయచేసి బీఎల్‌ఐఎస్సీలో చేరకండి. రెంటికీ సగం సగం టైం పెట్టి రెండూ పోగొట్టుకున్నవాళ్లు చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద చాలామంది కనపడతారు.

ఫీజు కట్టేముందు రెండు పనులు చేయండి. ఆ యూనివర్సిటీ దూరవిద్య కోర్సుకి ఈ విద్యా సంవత్సరానికి గుర్తింపు ఉందో లేదో యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో కోర్సు పేరుతో సహా చూసుకోండి, యూనివర్సిటీకి గుర్తింపు ఉంటే ప్రతి కోర్సుకీ ఉన్నట్టు కాదు. ఇంకోటి, మీకు కావాల్సిన ఉద్యోగానికి చివరిగా వచ్చిన నోటిఫికేషన్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి, అర్హతల పేరా ఒక్కటీ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. స్టడీ సెంటర్ వాళ్లు చెప్పే మాటలకీ, ఆ పేరాకీ పొంతన కుదరకపోతే పేరానే నమ్మండి.